కాళ్ళకు నీళ్ళిచ్చిన నక్క

అనగనగా ఒక అడవి ఉండేదర్రా. చూడ్డానికి పచ్చగానే ఉండేది, బుద్ధి మాత్రం కాస్త వంకర. అక్కడికి వచ్చిన చుట్టం ఎంత తప్పు చేసినా శిక్ష పడదు. వచ్చిన రోజున ఆ చుట్టానికి కాళ్ళు కడుక్కోవడానికి ఎవరు నీళ్ళిచ్చారో, శిక్ష వాళ్ళకే. చుట్టాలు మోపులకొద్దీ చెరకు తెస్తారు కదా, అందుకని అడవి పెద్దలకు ఈ పద్ధతి మహా న్యాయంగా కనిపించేది.

ముత్తెమ్మ అనే ముళ్ళపంది అక్కడ విడిది నడిపేది. ఒక వేసవిలో వైభవరావు అనే నక్క, భార్య రత్నమాలతో వచ్చి దిగాడు. చెరకు తోటలున్న పెద్ద ఆసామి. ముత్తెమ్మ ఇద్దరికీ చెంబుతో నీళ్ళిచ్చింది.

మర్నాడు షికారుకెళ్ళిన వైభవరావు చూసుకోక కౌజు పిట్ట గుడ్లు తొక్కేశాడు. పెద్దమనిషి ఎలుగుబంటి వచ్చి ముత్తెమ్మ వీపు మీది ముళ్ళు గుప్పెడు పీకించాడు. నక్క దంపతులు కళ్ళు మూసుకుని ఏడ్చారు. వాళ్ళకు ఆ పూట అన్నం సయించలేదు.

రెండోసారి గుడ్లు తొక్కినప్పుడు కూడా పొరపాటేనన్నారు. ఈసారి ఒక కన్ను తెరిచి చూశారు. మూడోసారి గూడు వెతుక్కుంటూ వెళ్ళి మరీ తొక్కారు. తర్వాత ముళ్ళు పీకుతుంటే చూడ్డానికి ముందు వరుసలో చాప వేసుకుని కూర్చున్నారు.

ముత్తెమ్మ వీపున నాలుగు ముళ్ళు మిగిలాయి. పొదల్లో చిరుత తిరుగుతోంది. ముళ్ళు లేని ముళ్ళపందిని అది బతకనిస్తుందా?

"అయ్యా, ఇంకొక్కసారి పీకితే నా ప్రాణం దక్కదు. దణ్ణం పెడతాను, గూళ్ళ జోలికి వెళ్ళకండి," అంది ముత్తెమ్మ.

వైభవరావు ఆమె చేతిలో రెండు చెరకు గడలు పెట్టి ఓదార్చాడు. తన మంచితనానికి తనకే కళ్ళు చెమర్చాయి. ఆ వెంటనే, ఇంత సరదా ఇంకెక్కడా లేదు, తొందరగా రండని స్నేహితులకు కబురు పంపాడు.

స్నేహితులు బిలబిలమంటూ వచ్చారు. ముత్తెమ్మ చెంబు పట్టుకుని ఎదురెళ్ళింది. వైభవరావు అడ్డుపడ్డాడు.

"ఈ బోడి వీపుతో మావాళ్ళకు ఎదురొస్తావా? నా పరువేం కాను? చెంబు ఇలా ఇవ్వు."

"అయ్యా, నీళ్ళిచ్చినవాళ్ళదే పూచీ. మీకు తెలుసు కదా."

"ఆ పద్ధతులు మాలాంటివాళ్ళకు కాదులే," అని చెంబు లాక్కుని, అందరి కాళ్ళకూ తనే నీళ్ళిచ్చాడు.

మధ్యాహ్నానికల్లా స్నేహితులు ఒక గూడు తొక్కేశారు. ఎలుగుబంటి వచ్చాడు. వైభవరావు ముత్తెమ్మ వైపు వేలు చూపించాడు. నీళ్ళెవరిచ్చారని ఎలుగుబంటి చుట్టాలనే అడిగాడు. వైభవరావేనని, ఎంతో మర్యాదగా ఇచ్చాడని వాళ్ళు నిజమే చెప్పారు.

నక్కకు ముళ్ళుండవు కదా. బొచ్చు పీకడం మొదలుపెట్టారు. ముత్తెమ్మ చూడ్డానికి రాలేదు. ముళ్ళు మొలిచేదాకా బయటికి రానని బొరియకు రాయి అడ్డం పెట్టుకుంది.

స్నేహితులు అయ్యో పాపం అంటూ కళ్ళు మూసుకున్నారు. రత్నమాల చాప మీద కాస్త జరిగి వాళ్ళకు చోటిచ్చింది.

"మొదటిసారి అలాగే ఉంటుంది," అంది. "రేపటికి మీరే కళ్ళు తెరుస్తారు."

నీతి: పక్కవాడి బాధను వేడుకగా చూడడం నలుగురికీ నేర్పితే, మన బాధను చూడ్డానికి కూడా ఆ నలుగురే వస్తారు.