ముప్ఫై ఎనిమిది తేడాలు

నరసాంబగారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. అంత చదువు చదివిన మనిషికి నోరు విప్పి రెండు ముక్కలు చెప్పడానికి ఏమొచ్చిందని ఆవిడ దగ్గర చదువుకున్న మేమంతా చాటుగా విసుక్కునేవాళ్ళం. ఎదురుగా అనే ధైర్యం మాత్రం ఎవరికీ ఉండేది కాదు.

ఒకనాడు మాలో హైమవతి అనే అమ్మాయి తన వ్యాసం పట్టుకుని ఆవిడ దగ్గరికి వచ్చింది. ఒక పాత ద్విపద కావ్యాన్నీ, దానికి మూలమైన సంస్కృత కథనూ పోల్చి రాసిన వ్యాసం అది. పరిషత్తువారు అప్పటికే రెండుసార్లు తిప్పి పంపారు. మూడోసారి సభలో చదవాలి. అక్కడా కాదంటే పట్టా రాదు, పట్టా లేకపోతే ఆమె ఆశపెట్టుకున్న కళాశాల ఉద్యోగమూ రాదు. పాపం, ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"కవి మూలాన్ని ముప్ఫై ఎనిమిది చోట్ల తప్పాడండీ. ఒక్కటీ వదలకుండా పట్టుకున్నాను. అయినా ఏదో లేదంటున్నారు. ఇంకేం రాయాలండీ?" అని అడిగింది.

నరసాంబగారు ఆ కాగితాలు అందుకోనైనా లేదు. "సిలార్ సాయిబు కొట్టుకెళ్ళి నా జాకెట్టు పట్రా. ఆదికిచ్చిన పాతదీ అక్కడే ఉంది. రెండూ పోల్చి చూసి మరీ తీసుకో. పోల్చడం నీకు వచ్చిన విద్యే కదా," అన్నారు.

మా ఊళ్ళో జాకెట్టు కుట్టేటప్పుడు దర్జీ మనిషిని కొలవడు. ఒంటికి సరిపోయే పాత జాకెట్టు ఆదిగా ఇస్తే, దాన్ని చూసి కొత్తది కుడతాడు. హైమవతి ఆ రెండింటినీ బల్లమీద పరిచి, సాయిబు టేపే అడిగి తీసుకుని కొలవడం మొదలుపెట్టింది. కొత్తదాని కుడిచెయ్యి అంగుళన్నర వదులు. కుడి చంక బాగా కిందికి దిగింది. ఎడమవైపు మాత్రం ఆది ఎలా ఉందో అలాగే ఉంది. హుక్కులుండాల్సిన చోట నొక్కితే పడే టిచ్ బటన్లున్నాయి. "ఆది ముందు పెట్టుకుని కూడా ఇన్ని తప్పులా సాయిబూ?" అని నిలదీసింది. కొట్లో నలుగురు ఆడవాళ్ళు చూస్తున్నారన్న మొహమాటం కూడా లేదు. తప్పు పట్టడంలో ఉన్న సుఖం అలాంటిది.

సాయిబు మిషను ఆపలేదు. "అమ్మగారిని ఒక్కసారి తొడుక్కోమనండమ్మా. బాగాలేదంటే విప్పి మళ్ళీ కుడతా," అన్నాడు.

నరసాంబగారు ఫిర్యాదంతా విని, జాకెట్టు తీసుకుని గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు. కాసేపటికి దాన్ని తొడుక్కుని, పైట సర్దుకుంటూ బయటికొచ్చారు.

"ఆరు నెలలైందే, నా అంతట నేను జాకెట్టు తొడుక్కుని," అన్నారు.

మెట్లమీద పడి కుడిభుజం దెబ్బతిన్నాక ఆవిడకు ఆ చెయ్యి పైకి లేవడం లేదు. రోజూ పొద్దున్నే పక్కింటావిడ వచ్చి జాకెట్టు తొడిగి వెళ్తోంది. ఆదికిచ్చింది ఆ దెబ్బకు ముందు కుట్టించుకున్నది. కొత్త గుడ్డ ఇవ్వడానికి కొట్టుకెళ్ళినప్పుడు ఆవిడ సంచిలోంచి అన్నీ ఎడమచేత్తో తీయడం సాయిబు చూశాడు. ఏమైందని అడగలేదు. అడిగినా ఈవిడ చెప్పే మనిషి కాదు. హైమవతి మూడు నెలలుగా ఆవిడ ఎదురుగానే కూర్చుంటోంది. ఆవిడ ఎడమచేత్తో ఇచ్చిన పుస్తకాలే అందుకుంటోంది. ఒక్కనాడైనా ఆ ధ్యాస రానందుకు సిగ్గుపడి తల దించుకుంది.

"తేడాలు చెప్పావు. తేడా లేనిదేమిటి?" అని అడిగారు నరసాంబగారు.

హైమవతి ఆది మళ్ళీ చేతిలోకి తీసుకుంది. ఎడమవైపు సరే, మెడ కూడా మారలేదు. పాతకాలపు మూసిన మెడ, అంచున సన్నటి పైపింగు, నూలుపోగంత తేడా లేదు. అది ఆవిడకు ఇష్టమైన తీరు కనుక సాయిబు దాని జోలికి పోలేదు. హైమవతి ఇంకేమీ అడగకుండా కాగితాలు చంకన పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

మూలకథలో రాజు వదిలేసిన భార్య నదిని ఎండిపొమ్మని శపిస్తుంది. కావ్యంలో శాపం లేదు, ఆమె నది దాటి తన దారిన వెళ్ళిపోతుంది. హైమవతి దీన్ని పదిహేడో తప్పుగా వేసి, పక్కన 'లోపం' అని రాసుకుంది. ఇప్పుడు కావ్యం చివరి పుట మళ్ళీ చదివితే, దాన్ని మొదట వినిపించింది మూడేళ్ళుగా వాన లేని ఊళ్ళో అని ఉంది. ఆ పుట ఆమె ఇదివరకు పదిసార్లు చదివిందే.

సభ రోజున, రెండుసార్లు వ్యాసం తిప్పి పంపిన పరీక్షకుడే మళ్ళీ అడిగాడు. "శాపం తీసేసి కవి కథను చెడగొట్టలేదంటావా?"

హైమవతి కాగితం వైపు చూడలేదు. "గొంతు తడుపుకోవడానికి నీళ్ళు లేనివాళ్ళ ముందు కూర్చుని, నది ఎండిపోవాలని ఏ కవి పాడతాడండీ? అందుకే తీసేశాడు. కానీ వెళ్ళేముందు ఆమె రాజును 'నేను చేసిన తప్పేమిటి' అని అడుగుతుంది. ఆ మాట మాత్రం మూలంలో ఉన్నది ఉన్నట్టే ఉంచాడు. అది వింటున్నవాళ్ళు దేవుణ్ణి అడిగే మాట కూడా కనుక."

పరీక్షకుడు వ్యాసం మీద సంతకం పెట్టాడు. తర్వాత, "కూర్చో అమ్మా. ఇన్నాళ్ళూ నేను అడిగింది ఇదే," అన్నాడు. చప్పట్లు మోగిపోయాయి. వెనక బెంచీల్లో మేము గెంతినంత పని చేశాం. హైమవతి పట్టా చేత పుచ్చుకుని ఏడ్చింది, నవ్వింది, రెండూ కలిపి చేసింది. అంత సంతోషం నేను మళ్ళీ చూడలేదు.

సభ ముగిశాక అధ్యక్షులవారు నరసాంబగారి దగ్గరికి వచ్చి చేతులు జోడించారు. "అమ్మా, మీ శిష్యురాలు అచ్చం మీలాగే మాట్లాడింది. కళ్ళు మూసుకుని వింటే మీరే అనుకున్నాను."

"అయ్యో, కళ్ళు తెరుచుకుని వినాల్సిందండీ," అన్నారు నరసాంబగారు.