ఆకులపల్లె తాంబూలం

బలభద్ర మహారాజుకు కొత్త సరదా పుట్టింది. అగ్నికొండ మీద ప్రళయగుండు పేల్చాలి, దాని మెరుపు చూసి పొరుగు రాజు గుండె జారిపోవాలి. ఒకసారి పేల్చారు కూడా. కొండ సగం ఎగిరిపోయింది, రాజుగారు చప్పట్లు కొట్టారు. ఇప్పుడు రెండోదట, ఇంకా పెద్దదట!

సరదా రాజుగారిది, బూడిద మాత్రం కొండ కింది ఆకులపల్లెది. మూడు రోజులు కురిసింది. తమలపాకు తోటలన్నీ మచ్చలు పడ్డాయి. మనుషుల జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడింది. రాజుగారికి తాంబూలం అందించే తిప్పన చెల్లెలు ఆ ఊరి కోడలే. "అన్నా, రెండోది కూడా పేలిస్తే మేం మిగలం" అని కబురంపింది. తిప్పనకు ఆ పూట అన్నం సహించలేదు.

సభలో ఆ మాటే విన్నవించుకున్నాడు. గుండు తయారు చేయించిన మంత్రి మార్తాండశర్మ కిసుక్కున నవ్వాడు.

"శాంతి కోసమే పేలుస్తున్నాం ప్రభూ! శత్రువు జడిస్తే ఇక యుద్ధమే ఉండదు. బూడిదంటారా, అది విభూతితో సమానం. ఒంటికి మంచిది. జుట్టంటారా, వాళ్లు తలంటుకోక ఊడుతోంది."

"విన్నావా తిప్పనా? రేపే రెండో గుండు. మంత్రిగారికి తాంబూలం ఇవ్వు" అన్నాడు రాజు.

రాజు ఇప్పించిన తాంబూలం సభలోనే నమలాలి. కాదంటే రాజధిక్కారం. తిప్పన తమలపాకు చిలకలు చుట్టి రాజుకొకటి, మంత్రికొకటి అందించాడు. మంత్రి తనది బుగ్గన పెట్టుకున్నాక, తిప్పన వినయంగా చేతులు కట్టుకున్నాడు.

"ఆకులపల్లె ఆకులండీ. బూడిద తుడవలేదు, ఒంటికి మంచిదన్నారుగా!"

మంత్రి దవడ ఆగిపోయింది. కక్కలేడు, మింగలేడు. నుదుటి మీద చెమట పోసింది.

"రేపు ముహూర్తం ఎప్పుడు మంత్రీ?" అన్నాడు రాజు.

"ఊఁ... ఊఁ..."

ఎంతసేపని ఊఁ కొడతాడు? ఒక్క పరుగున కిటికీ దగ్గరికెళ్లి ఉమ్మేసి, పట్టు కండువాతో నాలుక తోముకుంటూ నీళ్లు, నీళ్లు అని కేకలు పెట్టాడు.

"అబద్ధమాడాను, క్షమించండి ప్రభూ. అవి మీ పెరటి ఆకులే. బూడిద రవ్వంత కూడా లేదు" అన్నాడు తిప్పన.

సభ గొల్లుమంది. రాజు భృకుటి ముడిచాడు. "మంచిదని చెప్పిందీ ఆయనే కదా, మరెందుకు ఉమ్మాడు?"

తిప్పన తలవంచి, రాజుగారి పక్కనున్న పళ్లెం చూపించాడు.

"తమరి చిలక మళ్లీ పళ్లెంలోకి ఎందుకు వచ్చిందో, అందుకే ప్రభూ!"

రాజు తను గుట్టుగా పెట్టేసిన చిలకను చూసుకున్నాడు. ముందు మీసం కదిలింది, తర్వాత బొజ్జ కదిలింది. పగలబడి నవ్వుతూ చేతి కడియం తీసి తిప్పనకు తొడిగాడు.

"గుండు పేలదు! రాజవైద్యుణ్ణి ఇప్పుడే ఆకులపల్లెకు పంపండి. వెంట మంత్రిగారు కూడా వెళ్తారు. ఊరందరికీ తలంటు పోసి మరీ రావాలి!"