ఎంగిలి పూవు

పూర్వం వంశధారా నదీతీరాన శుచివ్రతుడనే మహర్షి ఉండేవాడు. లోకం ఆయనను జితక్రోధుడని కొనియాడేది. లోకం ఆయనతో కాపురం చేయలేదు. నీటిని సైతం కడిగి తాగే ఆ మహానుభావునితో నెగ్గుకురావడం ఏ ఘోరతపస్సుకు తీసిపోతుందని ఆయన ధర్మపత్ని సుగాత్రీదేవి పెరటిలోని గుమ్మడిపాదుతో మొరపెట్టుకునేది. ఆమె పుట్టింటినుంచి తెచ్చుకున్న విత్తులలో కడపటిది ఆ పాదు. అది కాయకపోతే ఆ వంశం అంతటితో సరి.

ఒకనాడు మహర్షి స్నానసంధ్యలు ముగించి, దర్భాసనం పరచి, శివార్చనకై పద్మాన్ని అందుకోబోయి, అందులో తలదూర్చి మధువు గ్రోలుతున్న తేనెటీగను చూచి, "ఒకరు రుచి చూచినది ఎంగిలి. ఎంగిలి పూవును దేవుని శిరసున ఎలా ఉంచను?" అని, కమండలంలోని నీటిని పుడిసిట పట్టి, భ్రమరకులమంతా తన ఆశ్రమసీమను విడిచిపోవుగాక అని శపించాడు. ఝంకారం ఆగిపోయింది. పూలు మచ్చలేకుండా పూశాయి. మహర్షి పరమానందభరితుడయ్యాడు.

గుమ్మడిపాదు మాత్రం పూసినదానిని పూసినట్టే రాల్చసాగింది. సుగాత్రి నీరు పోసి చూచింది, ఎరువు వేసి చూచింది. చివరకు పాదు పక్కనే చతికిలబడి పరికించగా, కొన్ని పూలు ఉత్త సన్నకాడలపై నిలిచినవనీ, కొన్ని తమ కింద చిట్టిపిందెను మోస్తున్నవనీ, ఆ పిందెలే పండుబారి రాలుతున్నవనీ కనిపెట్టి, ఈ రెండు తెగల మధ్య గుట్టేమిటో తేల్చుకోదలచి, దేవవైద్యులైన అశ్వినీదేవతలను ధ్యానించింది.

నాసత్యుడు, దస్రుడు అనే ఆ దివ్యకవలలు తక్షణమే ప్రత్యక్షమై పాదు నాడి పట్టి చూచారు.

"రోగమేమీ లేదు సాధ్వీ," అన్నాడు నాసత్యుడు. "సన్నకాడవాడు వరుడు, పిందె మోసేది వధువు. ఇద్దరికీ కాళ్ళు లేవు. పుప్పొడి మోసే పెళ్ళిపెద్దలను ఎవరో వెళ్ళగొట్టారు."

"ఎవరో," అన్నది సుగాత్రి, అలికిడికి వచ్చి నిలిచిన భర్తవైపు చూడకుండా.

"ఎంగిలి ఎంగిలే," అన్నాడు మహర్షి. "అది అలా ఉంచి, అతిథులకు మధుపర్కం తీసుకురా."

"పెరుగున్నది, నిరుటి తేనె ఉట్టిమీద ఉన్నది. ఈగ ముట్టినందుకే పూవు ఎంగిలైతే, తేనె దాని నోటినుంచే వచ్చింది కదా స్వామీ. దేవతలకు పెట్టమంటారా?"

నిత్యం శివునికి ఆ తేనెతోనే అభిషేకం చేసే మహర్షి ఉట్టివంక ఒకసారి, శివలింగంవంక ఒకసారి చూచాడు.

దస్రుడు నవ్వు దాచుకుని, "తపోధనా, ఈ శాపానికి ఉపశమనం ఒక్కటే. శపించిన నోటితోనే, అందరూ వినగా, తప్పు ఒప్పుకోవాలి. ఆ క్షణంనుంచి భ్రమరం తాకిన పూవు ఎన్నటికీ ఎంగిలి కాదు. ఈ పాదు విత్తు ఎన్నటికీ తరగదు. ఇది మా వరం," అన్నాడు.

మహర్షి గడ్డం నిమురుకుని, "ప్రమాదో ధీమతామపి," అని, ధీమంతులకైనా పొరపాటు తప్పదన్న సూక్తిని గొణిగాడు.

"మా పుట్టింటి పాదు సంస్కృతం చదువుకోలేదు స్వామీ," అన్నది సుగాత్రి.

ఆయన గొంతు సవరించుకుని, తలవంచి, రెండు ముక్కలు పలికాడో లేదో, ఏటి ఆవలిగట్టునుంచి తేనెటీగలు గుంపులు గుంపులుగా వచ్చి ఆశ్రమమంతా కమ్ముకున్నాయి. ఒకటి ఒళ్ళంతా పసుపు పూసుకుని వరుని విడిచి, తిన్నగా వధువు ఇంట దూరింది.

"ఈ ఝంకారంలో వినబడలేదు," అన్నది సుగాత్రి. "ఏమన్నారు?"

"తప్పు నాదే అన్నాను సుగాత్రీ," అన్నాడు శుచివ్రతుడు, ఈసారి ఏటి ఆవలికి కూడా వినబడేలా.