ఊరడగనమ్మ మడుగు

మడుగుపల్లె ఊరడగనమ్మ గుడి మూడు జిల్లాలు కలిసే చోట ఉంది. గర్భగుడి ఒక జిల్లాలోకి, వంటసాల రెండో జిల్లాలోకి, భక్తులు చెప్పులు విడిచే చోటు మూడో జిల్లాలోకి వస్తాయి. చెప్పులు పోయినవారు ఏ పోలీసు స్టేషనుకు వెళ్ళాలో ఇంకా తేలలేదు కనుక పాత చెప్పులతో రావడం మంచిది. ప్రభుత్వం జిల్లాలను మార్చినప్పుడల్లా అధికారులు కొలత గొలుసులు పట్టుకొని వస్తారు. కొలుస్తారు. పులిహోర బాగుందని చెప్పి వెళ్తారు.

పూర్వం ఇక్కడ అంతా ఒకే సీమ. ఊళ్ళు, మనుషులు, పశువులు లెక్కకు అందడం లేదని ఏలికగారి మంత్రి దాన్ని మూడు సీమలుగా విడగొట్టించాడు. మడుగు చుట్టూ మూడు గట్ల మీద మూడు గుంజలు పాతించాడు. ఏ సీమ పశువులు ఆ సీమ గట్టునే నీళ్ళు తాగాలని ఆజ్ఞ. హద్దులు గీసినవారు కొండ ఎక్కడానికి బద్ధకించారు. అందువల్ల కొండమీది గొల్లపల్లె ఏ సీమలోనూ పడలేదు. ప్రతి సీమవారూ అది పక్క సీమదని అనుకున్నారు. వానలు కురిసినన్నాళ్ళు ఈ సంగతి ఎవరికీ పట్టలేదు.

తరువాత కరువు వచ్చింది. వాగులన్నీ ఎండి ఈ మడుగు ఒక్కటే మిగిలింది. ప్రతి వైపునా ఈటె పట్టిన కావలివాడు నిలిచాడు. పరాయి సీమ పశువు మూతి పెడితే పొడిచేయమని ఉత్తర్వు.

కొండ మీది చెలమలు కూడా ఇంకిపోయాక, ఒక మిట్టమధ్యాహ్నం గొల్లపల్లె ఓబులేసు తన మందను కిందికి తోలుకొచ్చాడు. ఆవుల నాలుకలు బయటికి వచ్చి ఉన్నాయి. ఆ మంద తప్ప అతనికి వేరే బతుకు లేదు.

“ఏ సీమ మంద రా ఇది?” అన్నాడు మొదటి కావలివాడు.

“మొన్నటిదాకా ఒకటే సీమ గదన్నా.”

“ఇప్పుడు మూడయినాయి. గొల్లపల్లె మా దాంట్లో లేదు. అవతల అడుగు.”

రెండోవాడు మందను తేరిపార చూశాడు. “ఆవుల్నే అడగరాదా? ఏ సీమ గడ్డి తిన్యాయో అవే చెప్తాయి.”

మూడో వైపున కాస్తున్నది తిమ్మప్ప. ఓబులేసు అక్క మొగుడు. ఓబులేసుకు ప్రాణం లేచి వచ్చింది.

“బావా, మందను దించుతాండా.”

“ఏ సీమది?” అన్నాడు తిమ్మప్ప, నీళ్ళవైపు చూస్తూ.

“నన్నడుగుతాండావా? పోయిన పండక్కి మా ఇంట్లోనే గదా తిని పడుకుంటివి.”

“తిన్నది నిజమే. ఏ సీమలో తిన్నానో నాకెట్ల తెలుస్తాది?”

“అక్కకు ఏం చెప్పమంటావు?”

“మీ అక్కకు నేను చెప్పుకుంటా. నువ్వు మందను ఆపు.”

మంద ఆగలేదు. నీటి వాసన తగిలిన ఆవులు ఒకదాన్నొకటి తోసుకున్నాయి. ఓబులేసు కర్ర అడ్డం పెట్టాడు, తరువాత తానే అడ్డం నిలబడ్డాడు. చూలు ఆవు ఒకటి కాళ్ళు మడిచి బురదలో కూలింది. ముందున్న ఆవు మెడ చాచింది. తిమ్మప్ప ఈటె ఎత్తాడు. అతని చేయి వణికిందని తిమ్మప్ప వంశీకులు చెబుతారు. వణకలేదని ఓబులేసు వంశీకులు చెబుతారు.

ఆ సమయాన ఖాళీ కడవ చంకన పెట్టుకొన్న ఒక ముసలమ్మ వచ్చి, ఆవుకూ ఈటెకూ నడుమ కూర్చుంది.

“కాసిన్ని నీళ్ళు ముంచియ్యి నాయనా.”

“నీదే ఊరు అవ్వా?”

“నువ్వు నిలబడిన చోటు ఏ సీమదో చెప్పు. నాదీ అదే.”

తిమ్మప్ప తన సీమ పేరు చెప్పబోతూ గుంజ కోసం వెనక్కి చూశాడు. గుంజ ఎక్కడో దూరంగా, ఎండిన గట్టు మీద ఉంది. మడుగు ఇంకేకొద్దీ కావలివాళ్ళు నీటి వెంబడి లోపలికి దిగుతూ వచ్చారు. గుంజలు మాత్రం పాతినచోటే ఉండిపోయాయి. మడుగు అడుగు నేలను మంత్రి ఏ సీమకూ రాయలేదు. తిమ్మప్ప కూడా ఇప్పుడు గొల్లపల్లె లాంటి చోటే నిలబడి ఉన్నాడు. తక్కిన ఇద్దరూ తమ గుంజల వైపు తిరిగి చూసి ఈటెలు దించారు.

తిమ్మప్ప కడవ ముంచి తెచ్చేసరికి అవ్వ లేదు. ఆమె కూర్చున్న చోట నల్లని రాయి ఉంది. అతను ఆ నీళ్ళను కూలిన ఆవు నోట్లో పోశాడు. అది లేచింది. మందంతా తాగింది. అనంతరం ఆ అవ్వే అమ్మవారై తిమ్మప్పకు కలలో కనిపించి, “మీ లెక్కలు మీరు రాసుకోండి. నా దగ్గరికి వచ్చినోళ్ళకు ముందు నీళ్ళియ్యండి. ఇచ్చినాక కూడా ఊరడగొద్దు” అని చెప్పింది.

నేటికీ ఈ ఆవరణలో “మీదే ఊరు?” అని ఎవరూ అడగకూడదు. అడిగినవారు మడుగు నుంచి కడవెడు నీళ్ళు మోసుకొచ్చి గుడి ముందున్న పశువుల తొట్టిలో పోయాలి. తొట్టి ఎప్పుడూ నిండుగా ఉండడానికి పూజారి ఈరన్నగారి కుతూహలమే కారణం. ఎండాకాలం తొలి ఆదివారం తిమ్మప్ప వంశంవారు కడవ ముంచి తెస్తే, ఓబులేసు వంశంవారు దోసిలి పడతారు. ఈ రెండు ఇళ్ళకూ మాటల్లేవు, పెళ్ళిళ్ళకు పిలుపుల్లేవు. ఆనాటి చేయి వణుకు సంగతి తేలేదాకా ఉండవు కూడా. అయినా ఆ ఆదివారం ఎంత ఎండైనా దోసిలి నిండేదాకా కడవ వంచినవారు వంచినట్టే ఉంటారు. మిగిలిన నీటిని ఎక్కడివారైనా తాగవచ్చు. తాగినవారి పశువులు చల్లగా ఉంటాయి, వారి దారికి ఎవరూ అడ్డం నిలవరు.