ఆగని మగ్గం

పిల్లలూ, మీరు పెరుగుతున్న ఊళ్ళో మగ్గాల వీధి లేదు. అందుకే ఈ కథ మీ చెవిన పడే దారీ లేకపోయింది. విన్నది విన్నట్టే చెప్పాలని నా ప్రయత్నం.

సాంబలింగం గారు నేతవీధుల్లో తత్వాలు పాడుతూ తిరిగే గురువు. అడిగినదానికి వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. ఆయన శిష్యుల్లో మార్కండేయులనే నేతగాడు ఒకనాడు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ముఖం వాడిపోయి ఉంది.

“చిన్నమ్మాయి నిశ్చితార్థానికి మా వీధిలో పదమూడు ఇళ్ళకూ కార్డులు పంచిపెట్టించాను గురువుగారూ. ఒక్కరంటే ఒక్కరు రాలేదు. మగపెళ్ళివారి ముందు తలెత్తుకోలేకపోయాను. రేపు పెళ్ళికైనా వస్తారో రారో! నేనెవరినీ ఒక మాట అన్నవాణ్ణి కాను. నా మగ్గమేదో నేనేదో. నేను చేసిన తప్పేమిటి?”

గురువుగారు, “ఎల్లుండి తెల్లవారగానే మీ వీధిలో పడుగు సాగదియ్యి. నేనూ వస్తాను” అన్నారు.

మార్కండేయులు తలూపాడు గాని లోపల తటపటాయించాడు. పడుగంటే మగ్గానికి ఎక్కించే నిలువు పోగుల వరస. దాన్ని వీధి పొడుగునా కట్టి, గంజి పట్టించి, ఎండ ఎక్కేలోగా కుంచెలతో దువ్వాలి. ఒకరిద్దరి వల్ల అయ్యే పని కాదు. అందుకే ఎవరి పడుగు సాగినా ఆ పూట చుట్టుపక్కల వాళ్ళంతా వచ్చి చెయ్యి వేసేవారు. మార్కండేయులు మాత్రం భార్య పోయిన దగ్గర్నుంచీ, ఆరేళ్ళుగా, బజారులో గంజి పెట్టి అమ్మే పడుగులే తెచ్చుకుంటున్నాడు. ఇంకొకరి పడుగుకు వెళితే తన పూట పోతుంది. గడువులోగా చీరలు అందించాలి, పట్నంలో ఆడపిల్లలను చదివించాలి. అందులో తప్పేముందో అతనికి అర్థం కాలేదు.

అన్న రోజున ఒక్కడే పడుగు కట్టి, గంజి చల్లి, కుంచె పట్టుకున్నాడు. గురువుగారు పక్క అరుగు మీద కూర్చున్నారు. జనం వేపపుల్లలు నములుతూ గుమ్మాల్లో నిలబడ్డారు. ఎవరూ మెట్టు దిగలేదు.

“ఏం బావా, దారి తప్పి వీధిలోకొచ్చావా?” అన్నాడొకడు.

“బజారులో పడుగులు అయిపోయినట్టున్నాయిలే” అన్నాడు పక్కవాడు.

నవ్వులు. మార్కండేయులు కూడా నవ్వబోయాడు. అంతలో నడిమధ్యన పదో పన్నెండో పోగులు పుటుక్కుమన్నాయి. తెగిన పోగులు అతకడంలో ఎదురింటి అంకమ్మత్తది పేరున్న చెయ్యి. వేళ్ళకు కాస్త బూడిద రాసుకుని ఇట్టే మెలిపెట్టేది. చిన్నప్పుడు అతనికి ఆ పని నేర్పిందీ ఆవిడే. పాత అలవాటు కొద్దీ అతను గట్టిగా పిలిచాడు.

“అంకమ్మత్తా! పోగులు తెగాయి, ఒక్కసారి రా!”

వీధిలో నవ్వులు ఆగిపోయాయి. ఎదురింటి కోడలు శేషారత్నం గుమ్మంలోకి వచ్చింది.

“ఎవర్ని పిలుస్తున్నావన్నయ్యా? అత్త పోయి ఇది నాలుగో నెల.”

“నాకెవరూ చెప్పలేదే తల్లీ!”

“చెప్పేదేముంది? నీ గుమ్మం ముందునుంచే తీసుకెళ్ళాం. గురువుగారే ముందు నడిచి తత్వాలు పాడారు. శవం లేచిందంటే వీధిలో మగ్గాలన్నీ ఆగాలి గదా, ఆగాయి. నీదొక్కటే ఆడుతూ ఉంది. ఆపుతావేమోనని పాడె మోసేవాళ్ళు నీ ఇంటి ముందు కాసేపు నిలబడ్డారు కూడా. శవాన్ని మోస్తూ ఒకరి గుమ్మంలోకి కేక వెయ్యకూడదాయె.” ఆమె గొంతు తగ్గింది. “వదిన పోయినప్పుడు అత్త మూడు రోజులు నెయ్యడానికి మగ్గం గుంటలోకి దిగలేదన్నయ్యా.”

ఇంకేమీ అనకుండా లోపలికి వెళ్ళి, వేళ్ళకు బూడిద రాసుకుని వచ్చి, తెగిన పోగులన్నీ ఒక్కొక్కటే అతికింది. తిరిగి తన ఇంట్లోకి వెళ్ళిపోయింది. మిగతావాళ్ళు కదల్లేదు. ఎండ ఎక్కింది. దువ్వేవాళ్ళు లేక పడుగు మీద గంజి అట్టకట్టడం మొదలైంది. మార్కండేయులు కుంచె ఎక్కడ వదిలాడో అతనికే తెలియదు. వచ్చి గురువుగారి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

“నాకు వినపడలేదు గురువుగారూ. ఒట్టు. మీ పాట కూడా వినపడలేదు.”

“తెలుసు నాయనా” అన్నారు గురువుగారు. “నీ మగ్గం మాత్రం మాకు వినపడింది.”

పిల్లలూ, నాకు తెలిసినంతవరకు కథ ఇంతే. తీరిక దొరికినప్పుడు చెబుదామని దాచుకోకండి. దొరకని రోజునే దీన్ని ఇంకొకరికి చెప్పండి.