బురద ఊరేగింపు

అనగనగా ఒక అడవి. దాని పేరు చింతలకోన. అడవి అన్నాక పులులుంటాయి, జింకలుంటాయి, వాగులుంటాయి. చింతలకోనలో వీటన్నిటితో పాటు ఒక ఫుట్‌బాల్ జట్టు కూడా ఉంది. నవ్వకండర్రా, నిజంగానే ఉంది. చుట్టుపక్కల అడవులన్నీ కలిసి ఏటా వానలు వెలిశాక అడవుల కప్పు అనే పోటీ ఆడుకునేవి. గెలిచిన అడవివాళ్ళు ఏడాది పొడుగునా మీసం మెలేసుకుని తిరిగేవాళ్ళు. మీసం లేనివాళ్ళు తోక మెలేసేవాళ్ళు.

చింతలకోనకి మాత్రం మెలేసే యోగం ఎప్పుడూ పట్టలేదు. ఎప్పుడు ఆడినా ఓటమే.

ఓడితే ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. జట్టుకి ఆట నేర్పిన కోచ్‌ని నిలబెట్టి నెత్తిన వాగు బురద తెచ్చి పోసేవాళ్ళు. అడవిపంది మీద వెనక్కి తిప్పి కూచోబెట్టేవాళ్ళు. డప్పులు కొట్టుకుంటూ పొలిమేర దాకా ఊరేగించి, "మళ్ళీ ఇటు మొహం పెట్టకు" అని తోసేసి వచ్చేవాళ్ళు. ఆ ఊరేగింపులో అందరికంటే ముందు నడిచేది జట్టు పెద్ద, ఏనుగు ఐరావతమ్మ. కోచ్‌ని వెతికి తెచ్చేదీ ఆవిడే, ఓడాక సాగనంపేదీ ఆవిడే. కొంగని అలాగే పంపింది. ముంగిసని పంపింది. కొండముచ్చునీ పంపింది.

పంపి వచ్చాక అడవంతా పీడ వదిలిందని స్నానాలు చేసి, కడుపునిండా తిని పడుకునేది. ఆటగాళ్ళు కూడా అంతే.

ఈ ఏడు మాత్రం ఐరావతమ్మకి తిండి సయించలేదు. కప్పు నడిపే పెద్దలు కాకి చేత కబురు పంపారు. "ఈసారి ఒక్క ఆటైనా గెలవండి. గెలవకపోతే ఇక మీ జట్టుని పిలవం" అని.

పిలవకపోతే జట్టు ఉండదు. ఐరావతమ్మకి పిల్లాజెల్లా లేరు. ఆ జట్టే ఆవిడకి ఇల్లూ వాకిలీ. పొద్దున్నే మైదానంలో ఆ బంతి చప్పుడు వినకపోతే ఆవిడకి తెల్లవారినట్టే ఉండదు. అది కాస్తా పోతుందేమో అన్న భయంతో ఆవిడ కొత్త కోచ్ కావాలని అడవులన్నిటా చాటింపు వేయించింది.

మొదట చిరుతపులి వచ్చాడు. ఒళ్ళు విరుచుకుంటూ, "నేను కాలు పెట్టిన చోట ఓటమన్నదే లేదు" అన్నాడు.

ఐరావతమ్మ పొంగిపోయింది. "రా నాయనా, రా! ఒక్క మాట ముందే చెప్పాలి. ఓడితే మా దగ్గర బురద ఊరేగింపు ఉంటుంది" అంది.

చిరుత మీసాలు కాస్త వాలాయి. "అలాగా అమ్మా? ఇంట్లో పిల్లలకి ఒంట్లో బాగాలేదు. ఇలా చూసి అలా వచ్చేస్తా" అన్నాడు. అలా వెళ్ళినవాడు ఇప్పటికీ రాలేదు.

తర్వాత నెమలి వచ్చాడు. "బురద సంగతి విన్నానమ్మా. భయం లేదు. పదకొండు మందినీ మన గోల్ ముందే గోడ కట్టినట్టు నిలబెడతాను. చీమ కూడా దూరదు" అన్నాడు.

"మరి మనం గోల్ కొట్టేదెప్పుడు?" అంది ఐరావతమ్మ.

"కొట్టం. కొట్టడానికి వెళ్ళామా, వెనక ఖాళీ అవుతుంది. ఖాళీ అయిందా, గోల్ పడుతుంది. పడిందా, నా ఈకలేం కావాలి?"

"గెలవాలి కదయ్యా!"

"గెలుపు మాట నన్నడక్కండి" అన్నాడు నెమలి. ఐరావతమ్మ దండం పెట్టి పంపేసింది.

ఆ తర్వాత ఎవరూ రాలేదు. ఆవిడ ఆశ వదులుకునే వేళకి ఒక ముసలి ఉడుము పాక్కుంటూ వచ్చాడు. పేరు కోటయ్య. ఎక్కడో కొండ అవతలి అడవిలో జట్లకి ఆట నేర్పాడట. కొన్ని గెలిచాడట, చాలా ఓడాడట. ఆ సంగతి ఆయనే చెప్పాడు.

ఐరావతమ్మ ఊరేగింపు సంగతి చెప్పింది. కోటయ్య తాపీగా విన్నాడు.

"ఊరేగింపు అయ్యాక ఆటగాళ్ళేం చేస్తారమ్మా?" అని అడిగాడు.

"ఏం చేస్తారు, తిని పడుకుంటారు."

"మర్నాడు?"

"మర్నాడు కొత్త కోచ్‌ని వెతుక్కుంటాం."

"అదీ సంగతి" అన్నాడు కోటయ్య. "బురద కోచ్‌కి, సుఖం ఆటగాళ్ళకి. ఓటమిని పంది మీద ఎక్కించి పొలిమేర దాటించేస్తున్నారు. ఇక వాళ్ళు దిద్దుకునేదేముంది?"

"అయితే ఏం చెయ్యమంటావు?" అంది ఐరావతమ్మ.

"ఉన్నమాట చెబుతానమ్మా. మొదట ఓడతాం. ఓడిన మర్నాడు నేను మైదానంలో ఉండాలి, వాళ్ళూ ఉండాలి. అలా ఉండనిస్తానని మాటిస్తే వస్తాను. లేకపోతే ఇటునుంచి ఇటే వెళ్ళిపోతాను."

ముందు చూస్తే నుయ్యి, వెనక చూస్తే గొయ్యి. ఆచారం తప్పితే అడవి ఊరుకోదు. కోచ్ లేకపోతే జట్టే ఉండదు. చివరికి ఆవిడ, "సరే, మాటిస్తున్నాను" అంది. అనేసింది కానీ, ఆ మాట ఎంత బరువో అప్పటికి ఆవిడకి తెలియదు.

కోటయ్య ఆట నేర్పడం మొదలుపెట్టాడు. ఉడుం పట్టు అంటారే, అదే పట్టు. బంతిని పక్కవాడికి అందించడం వచ్చేదాకా ఇంకో పని చెయ్యనివ్వడు. జట్టు కెప్టెన్ దుప్పి సారంగపాణికి ఒళ్ళు మండిపోయేది. "తనకే పరుగు రాదు, నాకు నేర్పుతాడట!" అని సణిగేవాడు. చెప్పిందంతా ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాడు.

కప్పు మొదలైంది. మొదటి ఆట పాలవంక అడవి వాళ్ళతో. చింతలకోన చిత్తుగా ఓడింది. బంతి దొరికిన ప్రతిసారీ దుప్పి ఒక్కడే గోల్ వైపు పరిగెత్తి పోగొట్టుకొచ్చాడు. అవతలి దున్నపోతు ఎదురుగా రావడం చూసి కుందేలు బంతి వదిలేసి పొదలో దూరింది. ఇక గోల్ కాసే గోలీ ఎలుగుబంటి జాంబులు. ఆయన చెట్టు వైపు చూస్తూ ఉండగా పక్కనుంచే బంతి గోల్ లోకి వెళ్ళిపోయింది.

ఆట అయిందో లేదో, నక్క గుర్నాథం డప్పు అందుకున్నాడు. ఊరేగింపుల్లో డప్పు ఎప్పుడూ అతనిదే. "బురద తేండర్రా! పందిని పిలవండి!" అని అరిచాడు. అందరికంటే గట్టిగా ఎవరరిచారనుకున్నారు? ఆటగాళ్ళే. "అంతా ఈ ఉడుము వల్లే!" అన్నాడు దుప్పి. ఆడలేక మద్దెల ఓడు అనడం అంటే ఇదే మరి.

కోటయ్య పారిపోలేదు. బతిమాలుకోలేదు. ఐరావతమ్మ వైపు చూశాడంతే.

ఐరావతమ్మకి తనిచ్చిన మాట గుర్తొచ్చింది. నోరు మూసుకుని ఎప్పటిలా ముందు నడిస్తే పోతుంది, ఎవరూ తనని ఒక్క మాట అనరు. ఆవిడ జనం మధ్యకి నడిచింది. ఊరేగింపుకి బయల్దేరిందనుకుని అందరూ దారి ఇచ్చారు. ఆవిడ వెళ్ళి కోటయ్యకి అడ్డంగా నిలబడింది.

"ఇవాళ ఊరేగింపు లేదు" అంది.

"ఆచారం తప్పుతావా?" అన్నాడు నక్క. "అయితే నీ పెద్దరికం మాకొద్దు!"

"వద్దంటే కప్పు అయ్యాక దిగిపోతాను. రేపు పొద్దున మాత్రం ఈయన మైదానంలో ఉంటాడు."

"మరి తెచ్చిన బురదేం చెయ్యాలి?"

"ఈయన్ని తెచ్చింది నేను. నా మీద పొయ్యండి."

నక్క పోశాడు. వాడు పోశాడని ఇంకొకరు, వాళ్ళు పోశారని మరొకరు పోశారు. ఆటగాళ్ళూ పోశారు. ఏనుగుకి బురద కొత్తేం కాదు. కానీ ఒళ్ళు చల్లబడాలని పోసుకునే బురద వేరు, సొంతవాళ్ళు మొహాన కొట్టే బురద వేరు. కొంగకీ ముంగిసకీ కొండముచ్చుకీ ఎలా ఉండి ఉంటుందో అప్పుడు తెలిసిందావిడకి. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. అయినా అక్కణ్ణించి కదల్లేదు. తెచ్చిన బురద అయిపోయాక అందరూ ఎవరి గుహకి వాళ్ళు వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున కోటయ్య మైదానంలో ఉన్నాడు. ఆటగాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. ఓడిన మర్నాడు మైదానానికి రావడం వాళ్ళకదే మొదలు. ఎవరి మొహం ఎవరూ చూసుకోలేదు. ఐరావతమ్మ వచ్చి ఒక పక్కన నిలబడింది. చెవుల వెనక ఇంకా బురద ఉంది.

"నిన్న ఏం జరిగింది?" అన్నాడు కోటయ్య.

ఎవరూ పలకలేదు. మళ్ళీ అడిగాడు. పలకలేదు. పట్టిన పట్టు వదిలే ఉడుమా ఆయన? మళ్ళీ అడిగాడు.

జాంబులు గొంతు సవరించుకున్నాడు. "ఒక గోల్ నాదండీ. చెట్టు మీద తేనెపట్టు కనబడింది" అన్నాడు. అందరూ ఫక్కున నవ్వారు. ఆ నవ్వుతో కుందేలుకి ధైర్యం వచ్చింది. "నేను దున్నపోతుని చూసి పారిపోయాను" అంది.

చివరికి దుప్పి తల వంచుకున్నాడు. "కుందేలు ఖాళీగా ఉంది. చూశాను. చూసి కూడా బంతి ఇవ్వలేదు. గోల్ నేనే కొట్టాలనుకున్నాను" అన్నాడు. అని ఐరావతమ్మ దగ్గరికి వెళ్ళి, "నిన్న నీ మీద బురద నేనూ పోశానమ్మా" అని ఏడ్చేశాడు. ఆవిడ తొండంతో వీపు నిమిరింది.

"సరే, ఇక ఆట నేర్చుకుందాం రండి" అన్నాడు కోటయ్య.

రెండో ఆట కూడా ఓడారు. కానీ ఒక్క గోల్ తేడాతోనే. నక్క మళ్ళీ డప్పు తెచ్చాడు గానీ, వెనక నడవడానికి ఒక్కరూ రాలేదు. ఒక్కడే ఎంతసేపు కొట్టుకుంటాడు పాపం, చంకన పెట్టుకుని ఇంటికి పోయాడు.

ఆఖరి ఆట ఎర్రగుట్ట అడవితో. ఇది ఓడితే జట్టు లేదు. ఆట ముగిసే వేళ దాకా గోల్ పడలేదు. జాంబులు బంతి మీంచి చూపు తిప్పలేదు. అప్పుడు దుప్పికి బంతి దొరికింది. ఎదురుగా గోల్ ఉంది, అడ్డం ఒక్కడే ఉన్నాడు. ఐరావతమ్మ భయపడి కళ్ళు మూసుకుంది. దుప్పి తన్నలేదు. పక్కనున్న కుందేలుకి అందించాడు. కుందేలు తన మీదికి వస్తున్న ఎర్రగుట్ట దున్నపోతుని చూసింది, ఒళ్ళంతా వణికింది, వణుకుతూనే తన్నింది. గోల్!

చింతలకోన గెలిచింది. ఆ ఒక్క ఆటే. కప్పు పాలవంకకే పోయింది. అయినా సరే, మళ్ళీ ఏడు రమ్మని పిలుపొచ్చింది. జట్టు నిలిచింది. ఐరావతమ్మ సంతోషం పట్టలేక అందరి ముందే గట్టిగా ఏడ్చింది. ఆవిడ పెద్దరికం మాట ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

కప్పు పెద్దలు వచ్చి, "మీ గెలుపు ఎవరి చలవ?" అని అడిగారు. దుప్పి కుందేలుని చూపించాడు. కుందేలు జాంబుల్ని చూపించింది. జాంబులు కోటయ్యని చూపించాడు. కోటయ్య ఐరావతమ్మని చూపించాడు.

"నేనేం చేశానయ్యా?" అంది ఐరావతమ్మ. "ఓడిన రోజున పక్కకి తప్పుకోలేదు, అంతే."

నీతి: ఓటమిని ఒక్కరి నెత్తిన రుద్ది గెంటేస్తే తప్పులు మనదగ్గరే ఉండిపోతాయి. ఏరి కోరి తెచ్చుకున్నవాడికి ఓడిన రోజున తోడు నిలబడితేనే అందరం కలిసి వాటిని దిద్దుకోగలం.