చెయ్యి చాపిన చోట

లంకస్వామిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన వెంటనే జవాబు చెప్పేవారు కాదు. చేయవలసిన పని ఎక్కడైనా మిగిలి ఉందేమోనని ముందు చుట్టూ చూసేవారు. పని కనబడిందా, అడిగినవాణ్ణి వెంటబెట్టుకుని అక్కడికి బయలుదేరేవారు. అందుకే ఒళ్ళు దాచుకునే శిష్యులు ఆయన్ని ప్రశ్నలడగడం ఏనాడో మానేశారు. మార్కండేయులు మాత్రం మానలేదు. పాపం, అతను పనికి వెనకాడే మనిషి కాదు. కాకపోతే తన వైరాగ్యం మీద తనకు కాస్త ముచ్చట ఎక్కువ.

ఆ ఏడు గోదావరి లంకగట్టును కోసుకుపోతోంది. ఏటి వారనున్న ఇళ్ళవాళ్ళు తట్టాబుట్టా సర్దుకుని అవతలి గట్టున వేసుకున్న కొత్త ఇళ్ళకు తరలిపోతున్నారు. ఆశ్రమం అరుగు మీద నుంచి రోజూ ఆ సందడి చూసి చూసి మార్కండేయులుకు విసుగొచ్చింది.

"స్వామీ, మనిషికి వస్తువుల మీద ఇంత మమకారం ఎందుకు? ఏరు ఇంటిని మింగేస్తుంటే పగిలిన కుండలూ కాలు విరిగిన పీటలూ మూటకట్టుకుంటున్నారు. నేను ఇల్లు వదిలినప్పుడు భుజం మీది తుండుగుడ్డ తప్ప ఏమీ తెచ్చుకోలేదు. మళ్ళీ దేన్నీ తలుచుకోనూ లేదు" అన్నాడు.

స్వామి అలవాటు ప్రకారం చుట్టూ చూశారు. "సూరాయమ్మ ఇల్లు ఇవాళ ఖాళీ చేస్తున్నారట. పద, ఓ చెయ్యి వేసొద్దాం" అన్నారు.

సూరాయమ్మకు చూపు పోయి చాలా ఏళ్ళయింది. కొడుకు గంగరాజూ కోడలు మంగతాయారూ ఆవిణ్ణి బాగానే చూసుకుంటారు. వీళ్ళు వెళ్ళేసరికి గంగరాజు ధాన్యం బస్తాలు పడవలోకి మోస్తున్నాడు. మంగతాయారు గిన్నెలూ గుడ్డలూ పాత చీరల్లో మూటలు కడుతోంది. ముసలావిడ మాత్రం నులకమంచం మీద కూర్చుని, పట్టె గట్టిగా పట్టుకుని, కదలనంటోంది.

"అత్తా, పొద్దెక్కితే గాలి లేస్తది. పడవ సాగదు. లేమ్మా, నీకు దండం పెడతాను" అని కోడలు బతిమాలుతోంది. "కొత్తిల్లు ఇంతకంటే బాగుంటది."

"బాగుంటే మీరెళ్ళండే. నన్నిక్కడ ఒదిలేయండి."

మార్కండేయులు ఊరుకోలేకపోయాడు. "మామ్మా, ఇక్కడేముంది? మట్టిగోడలు. ఇవాళో రేపో ఏట్లో కలుస్తాయి. వీటి కోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటావా?"

గొంతు వినబడిన వైపు ఆవిడ ముఖం తిప్పింది. కోపం లేదు ఆ ముఖంలో. "నీకెలా తెలుస్తది బాబూ? ఈ ఇంట్లో నాకు కళ్ళున్నాయి. ఆ గట్టుకెళ్తే గుడ్డిదాన్నైపోతాను" అంది. అని, ఎడమచెయ్యి చాపి, తడుముకోకుండా గోడవారనున్న చెంబు అందుకుని, గుక్కెడు నీళ్ళు తాగి మళ్ళీ అక్కడే పెట్టింది. "అక్కడ దాహమేస్తే ఒకళ్ళని పిలవాలి. పెరట్లోకెళ్ళాలంటే ఒకళ్ళని లేపాలి. ఇన్నాళ్ళూ నేనెవరికీ బరువు కాలేదు." మంగతాయారు మూట వదిలేసి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

స్వామి వెళ్ళి మంచం పక్కన నేల మీద చతికిలబడ్డారు. "అయితే సూరాయమ్మా, ఆ కళ్ళు కూడా మూటగట్టుకుపోదాం. ఎక్కడెక్కడున్నాయో మావాడికి చూపించు" అన్నారు.

ముసలావిడ పట్టె వదిలి లేచి మార్కండేయులు చెయ్యి పట్టుకుంది. ఇల్లంతా తిప్పింది. చెంబు మంచానికి ఎంత దూరమో చూపించింది. పొయ్యికి ఇవతలున్న పీటకు ఓ కాలు విరిగిపోయింది, అది పాదానికి తగిలి ఊగితే నిప్పు దగ్గరపడిందని గుర్తట. పెరటి గుమ్మం పక్కనున్న కుండకు అంచు పగిలింది, ఆ గరుకు వేలికి తగిలితే మెట్టు వచ్చినట్టట. పొద్దున తాను ఎగతాళి చేసిన కుండలూ పీటలూ ఇలాంటివే అయి ఉంటాయనిపించి మార్కండేయులు సిగ్గుపడ్డాడు. కొలుచుకుందామంటే తాళ్ళన్నీ మూటలకు పోయాయి. భుజం మీది తుండుగుడ్డ తీసి, దానితోనే ఒక్కొక్క దూరమూ కొలిచి గుర్తుకు ముళ్ళు వేసుకున్నాడు.

మొదటి పడవలో మంచమూ చెంబూ పీటా కుండా వేసుకుని అతనే వెళ్ళాడు. కొత్త ఇంట్లో ముళ్ళు చూసుకుంటూ అన్నీ అమర్చాడు. తర్వాత కళ్ళు మూసుకుని నడిచి చూశాడు. మెట్టు దగ్గర మోకాలు చెక్కుకుపోయింది. కుండను కాస్త ఇవతలికి జరిపి మళ్ళీ నడిచాడు.

రెండో పడవలో స్వామితోనూ కోడలితోనూ కలిసి సూరాయమ్మ వచ్చింది. కోడలు చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చి మంచం మీద కూర్చోబెట్టింది. చాలాసేపు ఆవిడ కదల్లేదు. పట్టె వదలనూ లేదు. చివరికి ఎడమచెయ్యి మెల్లగా చాపింది. అది గాలిలో ఓ క్షణం ఆగి, కిందికి దిగి, చెంబు మీద పడింది.

ఆవిడ నీళ్ళు తాగలేదు. "బాబూ, ఉన్నావా? పొద్దున్నుంచీ నీ కడుపులో ఏం పడ్డట్టు లేదు. కూర్చో" అంది. లేచి నిలబడింది. మంగతాయారు పట్టుకోబోతే స్వామి సైగ చేసి ఆపారు. సూరాయమ్మ నడిచింది. పీట పాదానికి తగిలి ఊగింది. అక్కడ ఆగి, వంగి, పొయ్యి పక్కన కోడలు దింపిన చద్దన్నం గిన్నె అందుకుంది. తన చేత్తో పెరుగన్నం కలిపి ముద్ద అతని చేతిలో పెట్టింది. ఆ ముద్ద తింటూ మార్కండేయులు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మర్నాడు పొద్దున్నే అతను స్వామి ఎదుట నిలబడ్డాడు. "స్వామీ, ఓసారి అవతలి గట్టుకు వెళ్ళొస్తాను. కోడలు ఇల్లు అలుకుతూ పీట జరిపేసిందేమోనని... రాత్రంతా అదే తలపు."

"నీ తుండుగుడ్డేది?"

"అక్కడే ఉంచేశాను స్వామీ. ఏదైనా పక్కకు జరిగితే కొలుచుకోవడానికి ఉంటుందని."

స్వామి నవ్వారు. "వెళ్ళిరా నాయనా. నిన్న మమకారం గురించి ఏదో అడిగావు కదా, వచ్చాక తీరిగ్గా మళ్ళీ అడుగు."